పొడి అక్షరములు – నిండు మాట

(కారంపూడిలో గ్రామ పంచాయతి సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నాగులేటి ఒడ్డున నున్న ఈ కారంపూడిలో నిలిచి మాటను గూర్చి ప్రసంగించుట సాహసమే. ఏటేట కార్తీక అమావాస్య మొదలు ఐదు దినములు జరుగు వీరుల ఉత్సవములలో ఒక దినమును రాయబారమునకే కేటాయించిన ఊరిది. ఒకరి మాటను మఱియొకరికి చెడకుండ చేర్చుట ఎంత బరువైన పనియో మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు. నేనును నేడు మాట చేరవేతను గూర్చియే చెప్పదలచితిని. అయితే ఇందు కత్తులు లేవు, గుఱ్ఱములు లేవు. రెండే రెండు అక్షరములు కలవు. అవి "ఓ.పి."

ఇటీవల పిడుగురాళ్ల నుండి ఇచటికి బస్సులో వచ్చుచుంటిని. నా ముందు కూర్చున్న ఇద్దరు కుఱ్ఱవాండ్రు చేతి ఫోనులో ఏదో యుద్ధపు ఆట ఆడుచుండిరి. వారిలో నొకడు ఉత్సాహము పట్టలేక, "ఒరేయ్, ఆ తుపాకి ఓ.పి. రా!" అని కేక వేసెను. ప్రక్క వరుసలో ఒక వృద్ధురాలు కూర్చుండి యుండెను. ఆమె ఒడిలోని గుడ్డసంచిలో ఆసుపత్రి చీటీ, మందుల పొట్లము ఉన్నవి. ఆమె జాలిగ, "ఎవరికి నాయనా ఓ.పి.? ఏ ఆసుపత్రిలో చూపించారు?" అని అడిగెను. కుఱ్ఱవాండ్రు నవ్విరి. బస్సులో మఱికొందరును నవ్విరి. నాకు మాత్రము అందులో నవ్వుటకు పెద్దగ నేమియు కానరాలేదు. ఏలయన, ఇరువురి మాటయు సరియైనదే. ఇరువురును తమకు తెలిసిన ఓ.పి.ని గూర్చియే మాటలాడిరి.

ఈ రెండక్షరములకు గల అర్థములను ఒక్కొక్కటిగ చూతము.

ఆసుపత్రిలో ఓ.పి. యనగా ఔట్ పేషెంట్. పడక ఇచ్చి చేర్చుకొనక, వైద్యుడు చూచి, మందు వ్రాసి ఇంటికి పంపు రోగి. ఉదయమున కిటికీ యొద్ద వరుసలో నిలిచి తీసికొను చీటీయే ఓ.పి. చీటీ. మన గ్రామములలో అందఱు ఎఱిగిన అర్థము ఇదియే.

న్యాయస్థానములో ఓ.పి. యనగా ఒరిజినల్ పిటిషన్. దావా కాక, కొన్ని చట్టముల క్రింద నేరుగ దాఖలుచేయు అర్జీ. రోడ్డు ప్రమాదమున మనిషిని పోగొట్టుకొన్న కుటుంబము నష్టపరిహారము కోరుచు వేయునది ఎం.వి.ఓ.పి. ప్రభుత్వము సేకరించిన భూమికి తగిన ధర రాలేదని రైతు కోరగా కోర్టు విచారణకు వచ్చునది ఎల్.ఏ.ఓ.పి. మీ గ్రామములలో పాత పెట్టెలు వెదకినచో ఈ అక్షరములు గల కాగితములు కొన్ని దొరకకపోవు.

వినియోగదారుల కమిషనులో ఓ.పి. యనగా ఆపోజిట్ పార్టీ, అనగా ఎదుటి పక్షము. మొలకెత్తని విత్తనము అమ్మిన వర్తకుని మీద రైతు ఫిర్యాదు చేసెననుకొనుడు. ఆ కాగితములో వర్తకుడు ఓ.పి. ఒక చోట ఓ.పి. మన అర్జీ, వేఱొక చోట ఓ.పి. మన ప్రత్యర్థి. అక్షరములు మాత్రము అవియే.

ఫోనులో ఆటలాడు పిల్లలకు ఓ.పి. యనగా ఓవర్ పవర్డ్. మితిమీరిన బలము గలదని అర్థము. ఆటలో ఒక ఆయుధముగాని, ఒక యోధుడుగాని తక్కిన వారు తట్టుకొనలేనంత బలము కలిగియున్నచో దానిని ఓ.పి. అందురు. మొదట ఇది ఫిర్యాదుగ పుట్టినది. ఆట సమముగ లేదని చెప్పుటకు వాడిరి. నేడు మెప్పుగను వాడుచున్నారు. బాగుగ ఆడిన స్నేహితుడును ఓ.పి.యే, రుచిగ నున్న బిరియానియు ఓ.పి.యే.

ఇక ఇంటర్నెట్టులో పలువురు కూడి చర్చించు చోట ఓ.పి. యనగా ఒరిజినల్ పోస్టర్. ఆ చర్చను మొదట లేవదీసి వ్రాసిన మనిషి. మన గ్రామసభలో చెప్పవలెనన్న, ప్రస్తావన తెచ్చిన సభ్యుడు.

రెండక్షరములు, ఐదు అర్థములు! రోగి, అర్జీ, ప్రత్యర్థి, మహాబలుడు, మొదట మాటలాడినవాడు. ఇందులో ఏది సరియైనదని అడుగుట వ్యర్థము. ఎచట వాడిరో అచట అదియే సరి.

అసలు మాటను ఇట్లు కుదించుట ఏల? అది సోమరితనము కాదు. దానికి ఖర్చు ఒక కారణము, చోటు ఒక కారణము. తంతి వార్తకు మాటల లెక్కను రుసుము ఉండెడిది. ఒక మాట తగ్గినచో కొంత డబ్బు మిగిలెడిది. మన దేశమున తంతి సేవ 2013 జూలైలో ముగిసినది. దానికి చాలముందే ఫోను సందేశము వచ్చినది. లోకమున మొదటి ఫోను సందేశమును 1992 డిసెంబరు 3వ తేదీన పంపిరి. అట్టి సందేశము ఒకదానిలో ఇంగ్లీషు అక్షరములైన 160 పట్టును. తెలుగు లిపియైనచో 70 మాత్రమే. ఇఱుకు ఇంటిలో సామానులు సర్దుకొన్నట్లు జనము మాటలను సర్దుకొనిరి. ఆటలో నున్నవానికి అంత తీరికయు లేదు. నిండు మాట వ్రాయులోపల వాని యోధుడు నేల కూలును.

మన పెద్దలును పొడి అక్షరములు వాడినవారే. శుభలేఖలో చి.ల.సౌ. అని వ్రాసినచో చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి యని ఎవరికైనను తెలియును. కీ.శే. యనగా కీర్తిశేషులు. పాత జాబులు మ.రా.రా.శ్రీ అని మొదలగుచుండెడివి, అది మహారాజరాజశ్రీ. వీనిలోను పలు అర్థములు గలవి ఉన్నవి. "ఉ." అను ఒక్క అక్షరమును చూడుడు. పద్య గ్రంథములో అది ఉత్పలమాల. ఆహ్వాన పత్రికలో ఉదయము. భూమి దస్తావేజులో హద్దులు వ్రాయుచోట ఉత్తరము. "తా." యన్నను అంతే. పద్యము క్రింద తాత్పర్యము, జాబు పైన తారీఖు, పాత చిరునామాలో తాలూకా. అయినను మన తాతలు తికమకపడలేదు. ఏలయన కాగితమే వారికి అర్థము చెప్పెడిది. దస్తావేజు చేతిలో పట్టుకొని ఉత్పలమాల అనుకొను రైతు లేడు.

ఇచటనే కాలము మారినది. నేడు దస్తావేజు, శుభలేఖ, ఆసుపత్రి కబురు, కోర్టు కబురు, బ్యాంకు కబురు, పిల్లల ఆట – అన్నియు ఒకే ఫోనులో, ఒకే అద్దము మీద, ఒకదాని క్రింద ఒకటిగ వచ్చుచున్నవి. కాగితము చెప్పు అర్థము పోయినది. అక్షరములు మాత్రము మిగిలినవి. చదువరి తన భయమునుబట్టియో, తన ఆశనుబట్టియో అర్థము చేసికొనుచున్నాడు. దాని ఫలితము ఎట్లుండునో ఒక ఉదంతము చెప్పెదను.

ఓ.పి.కి తోబుట్టువు ఐ.పి. ఆసుపత్రిలో ఐ.పి. యనగా ఇన్ పేషెంట్, పడకలో చేర్చుకొన్న రోగి. ఆటలాడు పిల్లలకు ఐ.పి. యనగా ఇంటర్నెట్టులో ఒక యంత్రమునకు గల చిరునామా. కాని మన పల్నాటిలో "ఫలానావాడు ఐ.పి. పెట్టినాడు" అన్నచో చంటిపిల్లవానికి కూడ అర్థమగును. అది ఇన్సాల్వెన్సీ పిటిషన్. అప్పులు తీర్చలేనని 1920 నాటి చట్టము క్రింద కోర్టులో వేయు దివాలా అర్జీ.

నేను ప్రచార సభకు పోయిన ఒక గ్రామములో ఒక మిరప రైతు తన కథ నాకు చెప్పినాడు. అతనికి ఒక రాత్రి గుండెలో నొప్పి వచ్చినది. కుమారుడు కారు మాటలాడుకొని గుంటూరు తీసికొనిపోయెను. వైద్యులు వెంటనే చేర్చుకొనిరి. రాత్రియంతయు నిదుర లేని ఆ కుఱ్ఱవాడు తెల్లవారుజామున ఊరి వాట్సాప్ బృందములో మూడు ముక్కలు వ్రాసెను: "నాన్న ఐ.పి. గుంటూరులో ఉన్నాం. ఫోన్లు చేయొద్దు."

ఆసుపత్రిలో ఆ రాత్రి అతడు పదిసార్లు విన్న మాట అది. అతనికి దానికి వేఱు అర్థము తోచలేదు. ఊరిలో చదివినవారికి మాత్రము ఆసుపత్రి తోచలేదు. గుంటూరు, ఐ.పి., ఫోన్లు చేయవద్దు – ఈ మూడును కలిపి చదివినచో ఏమి తోచునో మీరే ఊహింపుడు. ఎండ ఎక్కులోపల ఎరువుల దుకాణదారుడు వచ్చెను, వడ్డీకి ఇచ్చినవారు వచ్చిరి, కౌలు రావలసినవారు వచ్చిరి. ఇంటిలో ఇల్లాలు ఒంటరిగ నున్నది. భర్తకు ఎట్లున్నదో తెలియక ఏడ్చుచున్న ఆమెను చూచి, వీరు ఆ ఏడుపునకు తమ అర్థము చెప్పుకొనిరి. శీతల గిడ్డంగిలో నిలువ ఉంచిన మిరప బస్తాల రసీదును ఒకరు అడిగిరి. ఆమె తెచ్చి ఇచ్చెను.

నాలుగవ దినమున రైతు ఇంటికి వచ్చెను. సంగతి తెలిసిన తరువాత రసీదు తీసికొన్నవారు దానిని తిరిగి ఇచ్చి, చేతులు పట్టుకొనిరి. వారు చెడ్డవారు కారు. వారును అప్పు చేసి అప్పు ఇచ్చినవారే. కాని ఆ మాట అప్పటికే పొరుగు గ్రామములకు పోయినది. ఆ ఏడు పురుగుమందునకు అతనికి అరువు పుట్టలేదు. "ప్రాణం నాలుగు రోజుల్లో దక్కిందండి. పరపతి దక్కడానికి ఏడాది పట్టింది" అని ఆ రైతు నాతో అన్నాడు. "నాన్నను ఆసుపత్రిలో చేర్చుకొన్నారు" అని వ్రాసియుండినచో ఎన్ని అక్షరములు ఎక్కువయ్యెడివి?

కుఱ్ఱవానిని నిందించి మన చేతులు దులుపుకొనరాదు. నేనును ఆ తప్పు చేసినవాడనే. ఉద్యోగములో చేరిన తొలినాళ్లలో ఒక కంటి వైద్య శిబిరమునకు నేను నోటీసు వ్రాసితిని. "పి.ఎస్. ఆవరణలో శిబిరము" అని అందులో ఉన్నది. నా మనసులో పి.ఎస్. యనగా ప్రాథమిక పాఠశాల. ఇంగ్లీషులో ఆ అక్షరములే వచ్చును. ఊరిలోని ముసలివారికి పి.ఎస్. యనగా పోలీసు స్టేషను. కంటికి శుక్లములు వచ్చిన పెద్దలు, "పోలీసు స్టేషనులో మనకేమి పని? మందులే ఇస్తారో, మరేదైనా అడుగుతారో" అనుకొని సగము మంది ఇంటిలోనే ఉండిపోయిరి. శిబిరము వారు మధ్యాహ్నమునకే సామానులు సర్దుకొనిరి. ఆ దినమున చూపు రావలసిన కండ్లకు రాకపోవుటకు నా రెండక్షరములు కారణము. నాటి నుండి నేను వ్రాసిన ఏ నోటీసులోను పొడి అక్షరము ఒంటరిగ నిలువలేదు.

సభ్యులారా, పంచాయతి యనగా సగము పని మాట చేరవేయుటయే. నీరు ఎన్ని గంటలకు వచ్చును, పింఛను ఎవరికి మంజూరైనది, గ్రామసభ ఏ దినమున జరుగును, పన్ను ఎంత చెల్లింపవలెను – ఇవి ఊరిలో అందఱికి ఒకే అర్థముతో చేరవలెను. అందువలన కొన్ని మంచి అలవాట్లు మీ ముందు ఉంచుచున్నాను.

మొదటిది. నోటీసులోగాని, ఫోను సందేశములోగాని మొదటిసారి నిండు మాట వ్రాయుడు. పొడి అక్షరమును దాని తరువాతనే వాడుడు. ఇది క్రొత్త సంగతి కాదు. ఆశ్చర్యము కలిగినప్పుడు కుఱ్ఱకారు వ్రాయు "ఓ.ఎం.జి." అను మాట 1917లోనే ఫిషర్ అను బ్రిటిషు నౌకాదళాధిపతి చర్చిలుకు వ్రాసిన లేఖలో కలదు. ఆయన ఆ మూడక్షరములు వ్రాసి ఊరకుండలేదు. వాని అర్థమును ప్రక్కనే నిండుగ వ్రాసెను. చదువువాడు చర్చిలే యైనను అతనికి తెలియునని అనుకొనలేదు. మన ఊరి వృద్ధురాలికి ఆ మర్యాద చేయుటకు మనకు బరువేల?

రెండవది. తేదీ, వేళ, చోటు, వెంట తేవలసిన కాగితములు – ఈ నాలుగింటిని ఎన్నడును కుదింపవద్దు. "ఉ. 9కి జి.పి. వద్ద" అని వ్రాయుటకంటె "ఉదయము 9 గంటలకు గ్రామ పంచాయతి కార్యాలయము వద్ద" అని వ్రాయుట మేలు. జి.పి. యనగా మనకు గ్రామ పంచాయతి. కోర్టు పని మీద తిరుగువానికి అది గవర్నమెంటు ప్లీడరు.

మూడవది. నోటీసు అంటించుటకు ముందు దానిని ఆ సంగతితో సంబంధము లేని ఒక మనిషికి చదివి వినిపింపుడు. "అర్థమైనదా?" అని అడుగవద్దు, అర్థము కానివారును మొగమాటముచే అయినదనియే చెప్పుదురు. "నీవు ఎచటికి పోవలెను? ఎప్పుడు పోవలెను? ఏమి తీసికొనిపోవలెను?" అని అడుగుడు. అతడు చెప్పిన సమాధానమే మీ నోటీసునకు పరీక్ష.

నాలుగవది సభ్యులైన మీ కొఱకే. సమావేశములలో అధికారులు పొడి అక్షరములతో మాటలాడుదురు. మాకు అది అలవాటు. తెలియనిచోట లేచి "అనగా నేమి?" అని అడుగుడు. మన రాష్ట్రమున స్థానిక సంస్థలలో సగము స్థానములు స్త్రీలవి. తొలిసారి ఎన్నికై వచ్చిన సోదరీమణులు పెక్కురు ఈ సభలోను ఉన్నారు. "ఎం.బి. కాలేదు కాబట్టి బిల్లు రాలేదు" అని ఇంజనీరు చెప్పినచో, ఎం.బి. యనగా పని కొలతలు వ్రాయు పుస్తకమని అడిగి తెలిసికొనుడు. ఇంటిలో పిల్లవాడు ఎం.బి. అయిపోయినవనినచో అది ఫోనులోని ఇంటర్నెట్టు కొలత. కొలతల పుస్తకము సంగతి తెలిసిన సభ్యురాలు, "కొలిచిరా? ఏ దినమున కొలిచిరి? ఎవరు వ్రాసిరి?" అని అడుగగలదు. తెలియక తల యూపినవారు తెలియకయే సంతకమును పెట్టుదురు. అడుగుట అజ్ఞానము కాదు. అది మీ పదవికి చేర్చబడిన పని.

ఐదవది జాగ్రత్త. ఓ.పి. నడుమ ఒక అక్షరము చేరినచో ఓ.టి.పి. అగును. అది ఒక్కసారికి మాత్రమే పనిచేయు రహస్య సంఖ్య. బ్యాంకులో మీ డబ్బునకు అది తాళపుచెవి. "మీ కె.వై.సి. ఆగినది, ఓ.టి.పి. చెప్పండి" అని ఎవరైనను ఫోను చేసినచో అర్థము తెలియని అక్షరములకు బెదరి చెప్పవద్దు. కె.వై.సి. యనగా ఖాతాదారు ఎవరో బ్యాంకువారు తెలిసికొనుటయే. దానికి ఫోనులో రహస్య సంఖ్య అక్కఱలేదు. ఎవరైనను మోసపోయినచో సిగ్గుపడి దాచక వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెనని ఊరిలో చాటింపుడు. మోసగాండ్రకు మన అమాయకత్వముకంటె మన మొగమాటమే ఎక్కువ ఉపయోగపడుచున్నది.

చివరగ పిల్లలను గూర్చి ఒక మాట. వారు ఆటలో వాడు భాషను చూచి విసుగుకొనవద్దు. కుమ్మరికి కుమ్మరి మాటలు, నేతగానికి నేత మాటలు ఉన్నట్లే ఆటగానికి ఆట మాటలు ఉండును. తమవారిలో తాము వాడుకొనునంతవరకు అందులో దోషము లేదు. గడప దాటి ఊరందఱికి చెప్పునప్పుడు మాత్రము మాట నిండుగ ఉండవలెనని వారికి నేర్పుడు. పొడి అక్షరము ఇంటి దుస్తు వంటిది; సభకు వచ్చునప్పుడు పంచె కట్టుకొని రావలెను. ఈ పిల్లలే మీకు మంచి సహాయకులును కాగలరు. ఫోనులో వచ్చిన కబురును పెద్దలకు చదివి, విడమరచి చెప్పు పనిని వారికి అప్పగింపుడు.

ఆ బస్సు సంగతి ముగింపక విడిచితిని. నవ్వు ఆగిన తరువాత ఆ కుఱ్ఱవాండ్రలో చిన్నవాడు వెనుకకు తిరిగి, "ఆసుపత్రి ఓ.పి. కాదు అవ్వా. ఆటలో దాని బలం ఎక్కువ. దాని ముందు ఇంకెవరూ నిలబడలేరు. దాన్నే మేము ఓ.పి. అంటాం" అని నిదానముగ చెప్పెను. ఆమె ఒక క్షణము ఆలోచించి, "ఓహో, మా కోడలి లాంటిదన్న మాట!" అనెను. ఈసారి బస్సంతయు నవ్వినది, ఆమెయు నవ్వినది.

నిండు మాట ఒక్కసారి చెప్పినంతనే ఆ అక్షరములు ఆమెవియు అయినవి. మన పంచాయతి నోటీసు బోర్డు మీద ప్రతి మాటయు అట్లు ఊరందఱిది కావలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.